యాభై రెండు డబ్బాలు

దోహాలో మా తెలుగువాళ్ల సంఘం ఒక ఉగాదికి వేసిన సావనీర్‌లో నేనొక వ్యాసం రాశాను. అల్ ఖోర్ దగ్గర ఒక లేబర్ క్యాంపును మిలిటరీ నుంచి వచ్చిన మనిషి ఎలా ఏలాడో, చివరికి ఎలా కూలిపోయాడో అందులో ఉంది. చదివినవాళ్లు బాగా నవ్వారు. ఒకాయన భోజనాల దగ్గర ఆ మనిషిలా నడిచి చూపించాడు కూడా. అందులో రాసినవన్నీ జరిగినవే. చివరి పేరాలో, ఎండల్లో ఒక కూలీని సైటులో వదిలేసి వచ్చినందుకు ఆయన రాజ్యం పోయిందని ఉంటుంది. ఎవరు వదిలేసి వచ్చారన్నది మాత్రం రాయలేదు. ఆ పని చేసింది ఆయన కాదు, నేను.

ఆ ఒక్క మాట అప్పుడే రాసి ఉంటే ఇప్పుడు ఇది రాయవలసిన పని ఉండేది కాదు. మొదటి నుంచి చెబుతాను.

తొంభైల మధ్యలో నేను ఖతార్ వెళ్లాను. కృష్ణా జిల్లాలో బి.కాం. చదివి, టైపు నేర్చుకుని, ఏడాదిన్నర ఖాళీగా తిరిగాక టైంకీపర్ ఉద్యోగం దొరికింది. పనివాళ్లు ఎంతమంది వచ్చారు, ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు పోయారు అన్నది రాసుకోవడం నా పని. ఉత్తరాన గ్యాస్ ప్లాంటు కడుతున్నారు. పైపులు వేయడానికి మా కంపెనీ అక్కడ కందకాలు తవ్వేది. క్యాంపు అల్ ఖోర్ ఊరి బయట ఉండేది. రేకు గదులు నాలుగు వరసలు, మూడు వందల మందికి పైగా మనుషులు. వాళ్లలో సగం మంది కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల వాళ్లు. నేనూ తెలుగువాణ్నే గాని వాళ్ల వరసల్లో నాకు మంచం లేదు, ఇంజనీర్ల విల్లాల్లోనూ లేదు. ఆఫీసు పక్కన, నీళ్ల ట్యాంకును ఆనుకుని ఒక్క మనిషి పట్టే గది ఇచ్చారు. పగలంతా జనం మధ్య ఉండి, సాయంత్రం ఆ గదిలోకి వచ్చి తలుపు వేసుకుంటే ఏసీ చప్పుడు తప్ప ఇంకో చప్పుడు ఉండేది కాదు. కూలీలు నన్ను సారూ అని పిలిచేవాళ్లు. పిలిచాక ఇంకేమీ మాట్లాడేవాళ్లు కాదు.

నా వ్యాసంలోని మనిషి అప్పటికి గేటు దగ్గర వాచ్‌మన్. జగిత్యాల వైపు పల్లె నుంచి వచ్చాడు. సైన్యంలో పదిహేడేళ్లు చేసి హవల్దార్‌గా బయటికి వచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. కంపెనీ ఇచ్చిన నీలం చొక్కాను రోజూ ఇస్త్రీ చేసుకుని తొడుక్కునేవాడు. వాచ్‌మన్ చొక్కాకు ఇస్త్రీ ఏమిటని అందరూ నవ్వుకునేవాళ్లు. ఎదురుగా హవల్దార్ సాబ్ అనేవాళ్లు, వెనక మిలిటరీ అనేవాళ్లు.

క్యాంపు బాస్ అని ఒక ఉద్యోగం ఉంటుంది. గదులు, మెస్సు, నీళ్లు, బస్సులు అన్నీ ఆ మనిషి చేతిలో ఉంటాయి. అప్పుడున్న బాస్ ఒక ఈజిప్టు వాడు. ఆయన సెలవు మీద పోయిన నెలలో, మంచి ఎండల్లో, నీళ్ల ట్యాంకర్ రెండు రోజులు రాలేదు. మూడో రోజు పొద్దున జనం మెస్సును చుట్టుముట్టారు. ఎవరో కిటికీ అద్దం పగలగొట్టారు. నేను గదిలోంచి బయటికి రాలేదు. అప్పుడు గేటు దగ్గర నుంచి ఈయన నడుచుకుంటూ వచ్చి ఒక ఖాళీ డ్రమ్ము మీదికెక్కి, "సావ్‌ధాన్!" అని కేక వేశాడు.

ఒక్క క్షణం అందరూ ఆగిపోయారు. తర్వాత వెనక నుంచి ఒకడు, "ఓ కాకా, ఇది బార్డర్ కాదే!" అని అరిచాడు. జనం గొల్లుమన్నారు.

ఆయన నవ్వలేదు. "బార్డర్ల నీళ్లు లేకుంటే ఏం జేస్తరో మీకెరుకనా? లైన్ల నిలవడ్రి, చూపెడ్త."

ఆ తర్వాత చేసింది నేను కిటికీలోంచి చూశాను. బాస్ గది తాళం రాయితో పగలగొట్టి లోపలికి పోయాడు. ఫోన్ ఎత్తి దోహాలోని హెడ్డాఫీసుతో తన సైన్యపు ఇంగ్లీషులో మాట్లాడాడు. "వాటర్ ఫినిష్. మెన్ త్రీ హండ్రెడ్. యూ సెండ్ వాటర్, ఆర్ ఐ సెండ్ మెన్." రెండు గంటల్లో ట్యాంకర్ వచ్చింది. గదికొకణ్ని పిలిచి, తోపులాట లేకుండా నీళ్లు పంచాడు. ప్రాజెక్టు మేనేజర్ లెబనాన్ మనిషి. సాయంత్రం వచ్చి వరసలో నిలబడిన జనాన్ని చూసి, ఈయన భుజం తట్టి వెళ్లాడు. ఈజిప్టు బాస్ సెలవు నుంచి తిరిగి వచ్చేసరికి ఆ కుర్చీలో ఈయన కూర్చుని ఉన్నాడు. పగిలిన తాళం స్థానంలో కొత్త తాళం, దాని చెవి ఈయన జేబులో.

అక్కడి నుంచి ఆయన ఎదుగుదల వేగంగా సాగింది. నెల తిరగకుండా గేటు నుంచి మెస్సు దాకా దారికి రెండు పక్కలా ఇటుకలు ఏటవాలుగా పాతించి, ఒకటి విడిచి ఒకటి సున్నం, జాజు వేయించాడు. కంటోన్మెంటుల్లో అలా ఉంటుంది. మా సైటు బస్సు నడిపే పాకిస్తాన్ డ్రైవర్ ఆ ఇటుకలను చూసి స్టీరింగ్ మీద తల వాల్చి నవ్వాడు.

"హమారే ముల్క్ మే భీ ఐసే హీ షురూ హోతా హై, సాబ్. పహలే పత్థర్ కో చూనా, ఫిర్ రేడియో బంద్."

వాళ్ల దేశంలోనూ ఇలాగే మొదలవుతుందట. ముందు రాళ్లకు సున్నం వేస్తారట, తర్వాత రేడియో ఆపేస్తారట. అతను సరదాకి అన్నాడు గాని రెండు వారాల్లో ఆ ముచ్చటా జరిగింది. రాత్రి తొమ్మిది దాటితే గదుల్లో టేప్ రికార్డర్లు మోగకూడదని ఆర్డర్ వచ్చింది. గదిలో స్టవ్ పెట్టకూడదు. చెప్పులు మంచం కింద ఒకే వరసలో ఉండాలి. దుప్పటి నాలుగు మడతలు వేయాలి. మాట వినని గదికి శిక్ష కూడా ఆయనే కనిపెట్టాడు. ఆ గది వాళ్లకు శుక్రవారం దోహా బస్సు ఉండదు.

ఆ బస్సు ఎంతటిదో అక్కడ బతికినవాళ్లకే తెలుస్తుంది. వారానికొక్కసారి అది దోహా పోయేది. అక్కడ ఫోన్ బూత్‌ల ముందు నిలబడి ఇంటికి మాట్లాడుకునేవాళ్లు, ఊరివాళ్లను కలిసేవాళ్లు. సెలవు మీద ఇంటికి పోయేవాడు ఎవడన్నా దొరికితే మాటలు నింపిన క్యాసెట్టు ఇచ్చి పంపేవాళ్లు. అది ఆపడమంటే వారం మొత్తాన్ని లాక్కోవడమే. ఒకసారి ఎనిమిది మంది ఉన్న గదికి వరసగా మూడు శుక్రవారాలు బస్సు లేదన్నాడు. అందులో ఒకడికి ఊళ్లో కూతురు పుట్టింది. కాళ్లు పట్టుకున్నా ఒప్పుకోలేదు.

"బిడ్డ ఎటూ పోదు. దుప్పటి మడత పెట్టు, మూడు వారాలైనంక పో" అన్నాడు.

ఇవన్నీ సావనీర్‌లో రాశాను. రాయనివి కొన్ని ఉన్నాయి. ఆయన వచ్చాక నీళ్లు ఒక్కరోజు కూడా ఆగలేదు. కూలర్లు వారానికోసారి కడిగించేవాడు, ముందు తను తాగి చూసేవాడు. మెస్సు కాంట్రాక్టరుతో నెలరోజులు పోరాడి, మనవాళ్లకు పుల్లటి పప్పు, పచ్చిపులుసు వారానికి రెండు రోజులు పెట్టించాడు. ఆఫీసు కాగితాల్లో మనుషులకు నంబర్లుండేవి. ఆయన నోటి వెంట నంబరు ఎప్పుడూ రాలేదు. మూడు వందల పేర్లూ నోటికి వచ్చు.

క్యాంపులో అందరికన్నా ఒంటరిగా ఉన్నది మేమిద్దరమే. శుక్రవారం బస్సులు వెళ్లిపోయాక ఆ నాలుగు వరసల్లో మనిషి కనిపించేవాడు కాదు. తాళ్ల మీద ఆరేసిన లుంగీలు గాలికి కొట్టుకుంటూ ఉండేవి. నాకు దోహాలో కలవవలసినవాళ్లు లేరు. ఆయన బస్సెక్కితే పక్క సీటులో ఎవరూ కూర్చోరు. అందుకని ఇద్దరం ఉండిపోయేవాళ్లం. పది గంటలకు రెండు గ్లాసుల్లో పాలు లేని చాయ్ పట్టుకుని నా గది ముందుకు వచ్చేవాడు.

"తమ్మీ, సచ్చినవా బతికినవా?"

"బతికే ఉన్నానండీ."

"అండీలు లేకుండ మాట్లాడరాదా నీకు? మీ కిష్న జిల్లోళ్లు కుక్కను కూడ అండీ అంటరంట."

నీడలో స్టూళ్లు వేసుకుని కూర్చునేవాళ్లం. సైన్యంలో ఆయనకు సుబేదార్ కావాలని ఉండేది. రెండుసార్లు లిస్టులో పేరు వచ్చి రెండుసార్లూ జారిపోయింది. తనకన్నా చిన్నవాళ్లు పైకి పోతుంటే సెల్యూట్ కొట్టి కొట్టి విసిగి బయటికి వచ్చేశాడు. ఖతార్‌లో మా కంపెనీకి మూడు క్యాంపులుండేవి. మాది కాక ముఐథర్‌లో ఒకటి, దోహాకు దక్షిణాన ఒకటి. మూడింటికీ కలిపి ఒక సూపరింటెండెంట్‌ను పెడతారని మాట వచ్చింది. అప్పటినుంచి ఆయనకు వేరే ఆలోచన లేదు.

"సుబేదార్ గాకుంటనే వచ్చిన. ఈడ జనరల్ అయి పోత, సూడు."

"మూడు క్యాంపులకు జనరల్ ఏమిటండీ?" అన్నాను.

"మూడుతోని మొదలు పెట్టద్దా?" అన్నాడు. నవ్వలేదు. ఆ వయసులో ఆ మనిషికి అంత ఆశ ఉండటం చూసి నాకు నవ్వొచ్చేది, కొంచెం అసూయగా కూడా ఉండేది. నాకు ఏ ఆశా లేదు.

ఇక అసలు సంగతి. ఆయన పెట్టిన నియమాల్లో ఒకటి నాకు సంబంధించింది. సాయంత్రం సైటు నుంచి బస్సు కదిలే ముందు టైంకీపర్ పేరు పేరునా పిలవాలి. ప్రతి మనిషీ పలకాలి. తర్వాత కాగితం మీద సంతకం పెట్టి క్యాంపులో తనకివ్వాలి. మేం పనిచేసే చోట గుట్టలు గుట్టలుగా పైపులు, కందకాలు, మట్టి దిబ్బలు. మనిషి ఎక్కడ పడిపోయినా కనబడడు.

మొదటి నెల పిలిచాను. నా బస్సులో యాభై రెండు పేర్లు. మధ్యలో ఒకడు పలకడు, ఒకడు నీళ్లకు పోతాడు, మళ్లీ మొదటినుంచి. పది గంటలు ఎండలో పనిచేసి వచ్చిన మనుషులు కాలిపోతున్న బస్సులో కూర్చుని నన్ను తిట్టుకునేవాళ్లు.

"ఏంది సారూ, బడిపిల్లల లెక్క! మిలిటరీ నీకు గూడ పూనిండా?"

ఆ మాట నన్ను గుచ్చింది. వాళ్లతో మాట్లాడాలని, వాళ్లు నన్ను కూడా మనిషిగా చూడాలని ఎంతో ఉండేది. అప్పుడొక ఉపాయం తోచింది. తెల్లవారుజామున మెస్సులో ప్రతి మనిషికీ ఒక స్టీలు టిఫిన్ డబ్బాలో అన్నం, కూర పెట్టిచ్చేవాళ్లు. ప్రతి డబ్బా మీదా ఆ మనిషి నంబరు పెయింటుతో రాసి ఉంటుంది. మధ్యాహ్నం తిని, కడుక్కుని, సాయంత్రం బస్సు మెట్ల దగ్గర పెట్టిన రెండు ప్లాస్టిక్ పెట్టెల్లో పడేసి ఎక్కుతారు. ఒక్కో పెట్టెలో సరిగ్గా ఇరవై ఆరు పడతాయి. డబ్బా లేకుండా ఎవరూ తిరిగిరారు, పోతే మర్నాడు అన్నం ఉండదు. రెండు పెట్టెలూ నిండాయంటే మనుషులంతా ఎక్కినట్టే. నేను పేర్లు పిలవడం మానేసి పెట్టెల వైపు ఒకసారి చూసి, కాగితం మీద యాభై రెండు అని రాసి, డ్రైవర్‌కు యల్లా, ఇక పోనీ అని చెప్పడం మొదలుపెట్టాను.

బస్సు ఇరవై నిమిషాలు ముందు కదిలేది. వాళ్లకు నేను ఉన్నట్టుండి మంచివాణ్ని అయిపోయాను. "సారు మనోడే" అన్నారు. ముందు సీటులో నా పక్కన కూర్చోవడం, ఊరి సంగతులు చెప్పడం మొదలుపెట్టారు. మూడు నెలలు అలా గడిచాయి. ఖతార్‌లో నేను సంతోషంగా ఉన్నది ఆ మూడు నెలలే. కాగితం ఇచ్చేటప్పుడు ఆయన రోజూ ఒకే మాట అడిగేవాడు.

"అందరు పలికిన్రా?"

"పలికారండీ."

కింద ఆయన సంతకం పెట్టేవాడు.

ఒక గురువారం మధ్యాహ్నం, ఇనుప కంబీలు కట్టే ఒక మనిషికి తల తిరిగింది. యాభైకి దగ్గరపడినవాడు. అతనిదీ, హవల్దార్‌దీ పక్కపక్క ఊళ్లు. కాసేపు పడుకుంటానని తన డబ్బా పక్కవాడి చేతికిచ్చి, దూరంగా ఒక పెద్ద పైపు లోపలి నీడలోకి పోయాడు. సాయంత్రం పక్కవాడు రెండు డబ్బాలూ పెట్టెలో వేశాడు, ఆ మనిషి ముందే ఎక్కి వెనక సీటులో పడుకున్నాడనుకున్నాడు. నేను పెట్టెలు చూశాను. నిండుగా ఉన్నాయి. యల్లా అన్నాను.

గురువారం సాయంత్రం చాలామంది వేరే క్యాంపుల్లో ఉన్న బావ దగ్గరికో, తమ్ముడి దగ్గరికో పోయి శుక్రవారం రాత్రికి వస్తారు. అందుకని ఆ మనిషి మంచం ఖాళీగా ఉండటం ఎవరికీ వింతగా అనిపించలేదు.

మర్నాడు శుక్రవారం. బస్సులు వెళ్లిపోయాయి. హవల్దార్ ఆ ఉదయం హుషారుగా ఉన్నాడు. శనివారం హెడ్డాఫీసుకు రమ్మని కబురు వచ్చింది, సూపరింటెండెంట్ విషయమేనని అందరికీ తెలుసు. ఆఫీసు బల్ల మీద దుప్పటి పరిచి చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ నన్ను ఆటపట్టిస్తున్నాడు. అప్పుడు ఫోన్ మోగింది.

సైటుకు నీళ్లు పోసే ట్యాంకర్ డ్రైవర్ ఆస్పత్రి నుంచి చేశాడు. పైపులో ఒక మనిషి పడి ఉంటే తెచ్చానని, ఒంటి మీద తెలివి లేదని, మీవాడేనా వచ్చి చూడమని అతను చెప్పడం నాకూ వినిపిస్తోంది.

"మావోడు గాదు భాయ్. మేరా ఆద్మీ సబ్ హాజిర్" అన్నాడు హవల్దార్.

అవతల నుంచి మళ్లీ ఏదో అన్నారు. ఆయన ఫైల్ తెరిచి నిన్నటి కాగితం తీశాడు.

"నా దగ్గర లెక్కున్నది. యాభై రెండు. ఏక్ ఏక్ ఆద్మీ కా నామ్ పుకారా. మేరా టైంకీపర్ నే పుకారా. వేరే కంపెనీ వాళ్లనడుగు."

తన టైంకీపర్ ఒక్కో మనిషి పేరూ పిలిచాడని చెబుతూ నా వైపు చూసి తల ఊపాడు. నేను ఆయనకు మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. చేతిలో చాయ్ గ్లాసు ఉంది. నేను పేర్లు పిలవలేదండీ, ఒకసారి పోయి చూద్దాం అంటే చాలు. ఆ మాట నోట్లోంచి రాలేదు. మనవాడు కాడేమో, కాకపోతే బాగుండును అనుకున్నాను. క్యాంపు ఖాళీగా ఉంది, గదులు వెతికినా ఎవరున్నారో, ఎవరు లేరో తేలదు. ఆయన దగ్గరున్నది నేను రాసిచ్చిన అంకె ఒక్కటే. దాన్ని పట్టుకుని మరో రెండుసార్లు ఫోన్ వచ్చినా కాదన్నాడు. నాలుగోసారి ఆస్పత్రి వాళ్లు ఆ మనిషి జేబులో దొరికిన కార్డు మీది నంబరు చదివారు. ఆయన రిజిస్టర్‌లో చూసుకున్నాడు. ముఖంలో రక్తం లేదు.

ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీయకుండానే పరిగెత్తాడు. చొక్కా కాలిన వాసన వస్తే నేను తీశాను.

ఆ మనిషి బతికాడు. కానీ మాట ముద్దగా అయిపోయింది, కాలు ఒకటి ఈడ్చేవాడు. నెలన్నరకు ఇంటికి పంపించేశారు.

విచారణ మేనేజర్ గదిలో జరిగింది. ఆస్పత్రి నుంచి మూడుసార్లు ఫోన్ చేసినా క్యాంపు బాస్ మా మనిషి కాదన్నాడని కాగితం వచ్చింది. మేనేజర్ ఆయన్ని అడిగాడు. ఆయన అటెన్షన్‌లో నిలబడి ఒకటే అన్నాడు. "మై టైంకీపర్ కాల్ నేమ్స్. ఎవ్రీ డే. ఐ ట్రస్ట్ హిమ్."

మేనేజర్ నా వైపు తిరిగాడు. ఈ లెక్క పద్ధతి ఎవరిది అని అడిగాడు.

క్యాంపు బాస్‌ది సర్ అన్నాను.

అది నిజమే. పద్ధతి ఆయనదే, కాగితం కింద చివరి సంతకమూ ఆయనదే. ఆ పద్ధతిని నేను పాటించడం లేదన్నది మిగతా సగం. ఆ సగం నోట్లోనే ఉంచుకున్నాను. ఆయన నన్నే చూస్తున్నాడు. కోపంగా కాదు. ఇంకా ఏదో చెబుతానని ఎదురుచూస్తున్నట్టు. మేనేజర్ కూడా కాసేపు ఆగాడు. నేను నేలకేసి చూశాను.

బస్సులో వచ్చినవాళ్లను కూడా నలుగురిని పిలిచారు. డబ్బాల సంగతి వాళ్లకు తెలుసు. ఒక్కరూ చెప్పలేదు. బయటికి వచ్చాక ఒకడు నా చెవిలో, "నువ్వు నిమ్మలంగుండు సారూ, పీడ వోయింది" అన్నాడు. వాళ్లు నన్ను కాపాడారు. నన్ను కాపాడటం కన్నా ఆయన్ని పడగొట్టడం వాళ్లకు ముఖ్యం. మూడు శుక్రవారాలు కూతురి కబురు వినలేకపోయిన మనిషి ఆ నలుగురిలో ఉన్నాడు. అతన్ని నేను తప్పుపట్టలేను.

ఆ సాయంత్రమే తాళంచెవులు తీసుకున్నారు. ఎగ్జిట్ కాగితాలు వచ్చేదాకా ఆయన అదే క్యాంపులో, ఎనిమిది మంది గదిలో ఒక మంచం మీద ఉండాల్సి వచ్చింది. పంతొమ్మిది రోజులు. మర్నాడు ఉదయానికే ఇటుకలన్నీ పీకి పడేసి ఉన్నాయి. శుక్రవారం బస్సులు ఈలలతో కదిలాయి. మెస్సులో ఆయన ప్లేటు పట్టుకుని వచ్చి కూర్చుంటే ఆ బల్ల దగ్గరున్నవాళ్లు లేచిపోయేవాళ్లు. ఒకరోజు నేను అన్నం పెట్టించుకుని తిరిగేసరికి ఆయన ఒక్కడే, ఎదురుగా ఏడు కుర్చీలు ఖాళీ. నన్ను చూసి ప్లేటు కాస్త పక్కకు జరిపాడు. నేను వేరే బల్ల దగ్గరికి వెళ్లాను. నాతో కూర్చున్నవాళ్లు ఏవో జోకులు వేశారు. నవ్వాను కూడా.

ఒకసారి మాత్రం నా గదికి వచ్చాడు. చేతిలో ఉద్యోగం తీసేసిన ఉత్తరం ఉంది.

"ఇంగ్లీష్‌ల ఏం రాసిండ్రో జెర చదువు తమ్మీ. సంతకం పెట్టాల్నంట."

చదివాను. ఒక కార్మికుణ్ని పని స్థలంలో వదిలివేసిన నిర్లక్ష్యానికి, తర్వాత అతన్ని తన మనిషి కాదని నిరాకరించినందుకు అని ఉంది. నా తప్పును నేనే తెలుగు చేసి ఆయనకు వినిపించాను. ఇంకోసారి చదవమన్నాడు. మళ్లీ చదివాను. సంతకం పెట్టి, కలం నా బల్ల మీద జాగ్రత్తగా పెట్టి వెళ్లిపోయాడు. ఆయన విమానం ఎక్కిన రోజు నేను సైటులో ఉన్నాను. కావాలనే ఉన్నాను.

నెల తర్వాత ఆ కుర్చీ నాకిచ్చారు. నేను వేసిన మొదటి ఆర్డర్, సైటు నుంచి బస్సు కదిలే ముందు టైంకీపర్ పేరు పేరునా పిలవాలి అని. ఈసారి ఎవరూ విసుక్కోలేదు. అందరూ గట్టిగా పలికేవాళ్లట. నేను మాత్రం శుక్రవారాలు ఆ నీడలో కూర్చోలేకపోయాను. గదిలోనే ఉండేవాణ్ని. మెల్లగా వాళ్ల మాటలు కూడా తగ్గిపోయాయి, బాస్‌తో ఎవరు కబుర్లు చెబుతారు? తర్వాత దోహా ఆఫీసుకు మారాను, పెళ్లి చేసుకుని అల్ తుమామాలో కాపురం పెట్టాను, స్నేహితులయ్యారు. మిలిటరీ కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. చెప్పిన ప్రతిసారీ డబ్బాలు వదిలేసేవాణ్ని. చివరికి అచ్చు కూడా వేయించాను.

ఇండియా తిరిగి వచ్చిన చాలా ఏళ్లకు, అల్ ఖోర్‌లో పనిచేసినవాళ్లంతా ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. ఆ సావనీర్ పేజీలు ఫొటోలు తీసి అందులో పెట్టాను. నవ్వు బొమ్మలు వచ్చాయి. వాటి మధ్య ఒకాయన తన గొంతుతో పంపిన మెసేజ్.

"మంచిగ రాసిండ్రు సారూ. మిలిటరీ మా పక్కూర్లనే ఉంటడు. ఇప్పటికి గూడ ఆయనింటికి ఎవ్వలు వోరు. దుబాయ్‌ల మనిషిని సావనియ్య ఇడిసొచ్చినోడంటరు. కొడుక్కు సంబంధం వస్తే గూడ గా ముచ్చట చెప్పి చెడగొట్టిన్రు."

అక్కడి పల్లెల్లో గల్ఫ్ అంతా దుబాయే. ఆ మాటలు నాలుగైదుసార్లు విన్నాను. మా ఆవిడ ఏమిటని అడిగితే ఏమీ లేదన్నాను. వారం తర్వాత జగిత్యాల బస్సెక్కాను.

ఆయన ఇంటి ముందు చెట్టేమీ లేదు. రేకుల పందిరి కింద కూర్చుని మంచానికి నులక బిగిస్తున్నాడు. డెబ్బైకి దగ్గరగా ఉన్నాడు. నన్ను గుర్తుపట్టడానికి అర నిమిషం పట్టింది.

"ఓ కిష్న జిల్లా! ఎట్లొచ్చినవ్?"

నీళ్లిచ్చాడు. తాగలేకపోయాను. నిలబడే చెప్పేశాను. పేర్లు పిలవలేదని, మూడు నెలలు డబ్బాలు చూసి రాశానని, ఫోన్ మోగినప్పుడు తెలిసీ నోరు మెదపలేదని. ఆయన నులక లాగడం ఆపలేదు.

"నాకెరుకే" అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"ఆస్పత్రికెల్లి రాంగనే మెస్సు కాడికి వోయి చూసిన. ఆని డబ్బా పెట్టెలనే ఉన్నది. మనిషి లేడు, డబ్బా వచ్చింది. ఇంక సమజ్ గాదా?"

"మరి మేనేజర్‌కు చెప్పలేదేం?"

"నమ్మిన అని చెప్పిన గద. పొద్దుగాల నమ్మిన అని, మాపటికి అబద్ధాలోడు అంటనా? నువ్వే చెప్తవనుకున్న. చూసిన, చూసిన. నువ్వు నేలకు చూస్తివి." ముడి వేసి, పళ్లతో బిగించాడు. "బస్సులు బంద్ వెట్టుడు తప్పే. అది నా తప్పు. ఆళ్లు నన్ను తిట్టుకుంటె తిట్టుకోని. గని ఇది నాది గాదు."

"క్షమించండి" అన్నాను.

"నాకు జెప్తె ఏమొస్తది తమ్మీ? నేనేమన్న కొత్తగ ఇంటున్ననా? చెప్పేదుంటే పైపుల పడ్డోని ఇంటికాడ చెప్పు. ఇరవై ఏండ్ల మీదయింది, నేను ఆ గల్లీ తొక్కక."

ఆటోలో పక్క ఊరికి పోయాం. గల్లీ మొదట్లో ఆయన ఒకసారి ఆగి, చొక్కా సవరించుకుని నడిచాడు. ఆ ఇంటి వాకిట్లో ఒకామె చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. గోడవారన మంచం మీద పైపులో పడుకున్న ఆ మనిషి కూర్చుని ఉన్నాడు. ఒక చేయి ఒళ్లో ముడుచుకుని ఉంది. ఇన్నేళ్లూ ఆమె బీడీల మీదే ఆ ఇల్లు నడిచిందని తర్వాత తెలిసింది.

నన్ను చూసి ఎవరు కావాలని అడిగింది. దుబాయ్‌లో మీ ఆయనతో పనిచేశాను అన్నాను. చాట పక్కన పెట్టి, "రా సారూ, కూసో" అంటూ లేచింది. అప్పుడు గేటు బయట నిలబడ్డ హవల్దార్ కనిపించాడు. ఆమె చేయి గాలిలోనే ఆగిపోయింది.

"ఆయనెందుకచ్చిండు ఈడికి? నా మొగణ్ని చూసి పోనీకనా?"

చుట్టుపక్కల అరుగుల మీద బీడీలు చుడుతున్న ఆడవాళ్లు తలెత్తారు. ఎవరో ముసలాయన గోడ మీదుగా తొంగిచూశాడు. హవల్దార్ లోపలికి రాలేదు, వెనక్కీ పోలేదు. మంచం మీది మనిషి నన్నే చూస్తూ, పోల్చుకుందామని ప్రయత్నిస్తున్నాడు.

నేను కూర్చోలేదు. బయట ఉన్నవాళ్లకు కూడా వినబడేలా చెప్పాను.

"అమ్మా, ఆ రోజు బస్సులో మనుషులను లెక్కపెట్టాల్సింది నేను. హవల్దార్ గారు పేరు పేరునా పిలవమన్నారు. నేను పిలవలేదు. అన్నం డబ్బాలు చూసి అందరూ వచ్చారని రాసిచ్చాను. హవల్దార్ గారు నన్ను నమ్మారు, అంతే. ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను, తెలిసీ చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. నింద ఆయన మీద పడితే చూస్తూ ఊరుకున్నాను, ఆయన కుర్చీలో నేనే కూర్చున్నాను. మీ ఆయనకు ఇలా అయింది నా వల్ల, హవల్దార్ గారి వల్ల కాదు. ఈ మాట చెప్పడానికి నాకు ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. అన్నా, నీకూ, అమ్మా, నీకూ, హవల్దార్ గారూ, మీకూ నేను తప్పు చేశాను. నన్ను క్షమించండి."